మన దగ్గర లేని రాయి కోసం వెళ్లండి

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ఇది. కొండాపూర్‌లో ఉంటారు, రెండేళ్లుగా క్లైంబింగ్ చేస్తున్నారు. వారాంతాల్లో ఖాజాగూడ గుట్టల మీద బౌల్డరింగ్‌లో, అంటే తాడు లేకుండా చిన్న బండలెక్కడంలో, వి3 స్థాయి దాకా, ఇండోర్ గోడ మీద తాడుతో 6బి స్థాయి దాకా వచ్చారు (అంకె, అక్షరం పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది). డిసెంబరు ఆఖరి వారం, జనవరి మొదటి వారం కలిపి రెండు వారాల సెలవు దొరికింది. మీరూ మీ స్నేహితుడూ మొదటిసారి విదేశాలకు వెళ్లాలనుకుంటున్నారు. స్పెయిన్, థాయ్‌లాండ్, ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లో, గ్రీసులోని కాలిమ్నోస్ ద్వీపం, ఈ నాలుగింటిలో ఏది మంచిదని అడిగారు.

ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలు చెబుతాను. మీ ఇద్దరికీ, ఆ రెండు వారాలకూ థాయ్‌లాండ్ మంచిది. వీలైతే అందులో సగం రోజులు లావోస్‌కు ఇవ్వండి. స్పెయిన్‌ను రెండో ప్రయాణానికి ఉంచుకోండి. కాలిమ్నోస్ అద్భుతమైన చోటే కానీ దాని అసలు కాలం వసంతం, శరదృతువు. జనవరిలో వానలు పడతాయి, ఊళ్లో చాలా హోటళ్లు మూసి ఉంటాయి. ఫాంటెన్‌బ్లో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన పొరపాటే మీరూ చేయబోతున్నారు.

పదిహేనేళ్ల కిందట నా మొదటి విదేశీ ప్రయాణం అక్కడికే, అదీ డిసెంబరు ఆఖరులోనే. చలి ఎక్కువైతే రాయి మీద పట్టు బాగా దొరుకుతుందని చదివి, అంతకన్నా చల్లని నెల ఉండదని టికెట్లు కొన్నాను. చదివినదాంట్లో తప్పు లేదు. చల్లని పొడి గాలిలో వేళ్లకు చెమట పట్టదు, బూటు అడుగునున్న రబ్బరు రాయిని గట్టిగా పట్టుకుంటుంది. కానీ నేను ‘చల్లని’ అన్న మాటే చూసి ‘పొడి’ అన్న మాటను వదిలేశాను. పారిస్‌కు దక్షిణాన అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ అడవిలో నేనున్న పన్నెండు రోజుల్లో రాయి ఎక్కడానికి పనికొచ్చింది నాలుగే రోజులు. ఒక ఉదయం వాన వెలిసింది, బండ పైకి ఎండినట్టే కనిపించింది. బూట్లు తొడుక్కుంటుంటే పక్కనే ఒక పెద్దాయన, చిన్న గోనెపట్టా ముక్క మీద నిలబడి పాదాలు తుడుచుకుంటున్నవాడు, వంగి బండ మొదట్లో ఇసుక చిటికెడు తీశాడు. వేళ్ల మధ్య నొక్కి చూపించాడు. ఇసుక ముద్దలా అతుక్కుంది. తల అడ్డంగా ఊపి, పడితే దెబ్బ తగలకుండా బండ కింద వేసుకునే తన పరుపు మడిచి వెళ్లిపోయాడు.

మాట్లాడకుండానే ఆయన చెప్పింది ఇదీ. అక్కడిది ఇసుకరాయి. తడిస్తే లోపలి రేణువుల బంధం సడలుతుంది. పైపొర ఎండినా లోపల తడి ఉంటుంది. అప్పుడు పట్టుకుని లాగితే వందల మంది ఏళ్ల తరబడి ఎక్కిన అంచు ఊడి చేతిలోకి వస్తుంది, ఇక అది తిరిగి రాదు. మన గ్రానైట్ వాన వెలిసి ఎండ కాస్తే గంటలో ఎండుతుంది, దానికి ఏమీ కాదు. అందుకే మనకు ఈ జాగ్రత్త అలవాటు లేదు. ఇసుకరాయి ఉన్న ఏ దేశానికి వెళ్లినా, అమెరికాలోని రెడ్ రాక్‌కు వెళ్లినా సరే, వాన పడ్డాక రాయి పూర్తిగా ఎండేదాకా చేయి వేయకండి. సెలవు వృథా అవుతోందన్న బాధ నాకు తెలుసు. అయినా వేయకండి.

పైగా డిసెంబరు ఆఖరులో అక్కడ పగలు ఎనిమిదింబావు గంటలే. స్పెయిన్‌లోని కాటలోనియాలో తొమ్మిది గంటల పైచిలుకు. థాయ్‌లాండ్‌లోని క్రాబీలో పదకొండున్నర గంటలు దాటుతుంది. చలికాలపు చోటు ఎంచుకునేటప్పుడు ఉష్ణోగ్రత అందరూ చూస్తారు, పగటి నిడివిని ఎవరూ లెక్కపెట్టరు. రెండు వారాల్లో క్రాబీతో ఆ తేడా స్పెయిన్‌కు ముప్ఫై గంటలు, ఫాంటెన్‌బ్లోకు నలభై అయిదు గంటలు దాటుతుంది.

ఇప్పుడు అసలు విషయం. చోటును దాని పేరును బట్టి కాక, మన చేతికి తెలియనిది అక్కడ ఏముందో చూసి ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన క్లైంబర్ల అదృష్టం మామూలుది కాదు. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ మన ఇంటి పక్కనే ఉంది. జనవరిలో తెల్లవారి ఆరున్నరకు ఖాజాగూడకు వెళ్తే, ఆ బండ మీద ఉప్పుకల్లులాంటి స్ఫటికాలు వేలి కొసకు ఒక్కొక్కటీ విడిగా తగులుతాయి. తొమ్మిదిన్నరకల్లా ఎండ ఎక్కి అదే అంచు జారుతుంది. ఆ మూడు గంటల్లో మనం నేర్చుకునేది పాదాల పని, ఒంటి సమతూకం, సన్నని అంచుల మీద వేళ్ల బలం. ఏటవాలు బండ మీద చేతులు దాదాపు వదిలేసి నిలబడగలిగే మనిషిని మన ఊరు సులువుగా తయారుచేస్తుంది. (ఆ బండలు ఒక్కొక్కటే పగిలి కంకరగా మారుతున్నాయి. మీరు ఎక్కే రాయి వచ్చే ఏడు ఉంటుందో ఉండదో తెలియదు. రాళ్లను కాపాడమని 1996 నుంచి పోరాడుతున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ల నడకలకు ఒక్కసారైనా వెళ్లండి.)

మన ఊరు నేర్పనివి రెండు. మొదటిది, మన వైపుకు వాలిన ఎత్తైన గోడ మీద ముప్ఫై మీటర్లు ఆగకుండా ఎక్కే ఓపిక. రెండోది, రాతి స్తంభాన్ని మోకాళ్ల మధ్య, అరచేతుల మధ్య బిగించి ఎక్కే పద్ధతి. ఈ రెండూ సున్నపురాయి దగ్గర దొరుకుతాయి. బొర్రా గుహలు చూసే ఉంటారు. కప్పు నుంచి మర్రి ఊడల్లా దిగిన సున్నపు ధారలు గుర్తు తెచ్చుకోండి. అవే ఊడలు గుహలో కాక సముద్రం ఒడ్డున వంద మీటర్ల గోడకు బయట వేలాడుతుంటే, వాటిని వాటేసుకుని ఎక్కడమే క్రాబీ దగ్గరి రైలే, టోన్‌సాయ్‌లలో క్లైంబింగ్. క్లైంబర్లు వాటిని టూఫాలంటారు. గచ్చిబౌలిలో వి5 ఎక్కే కుర్రాళ్లు అక్కడ 6ఎ మీద సగంలో చేతులు బిగుసుకుపోయి వేలాడటం నేను చూశాను. బలం లేక కాదు, వాళ్ల ఒంటికి ఆ భాష రాదు. నాలుగు రోజుల తర్వాత వాళ్లే 6సి ఎక్కారు. ఒక ప్రయాణం ఇవ్వగలిగిన గొప్ప లాభం ఇదే, హంపిలోనో ఖాజాగూడలోనో ఇంకో ఏడాది ఎక్కినా ఇది రాదు.

రైలేకు రోడ్డు లేదు. క్రాబీలో దిగి ఆవో నాంగ్ దాకా బండిలో, అక్కడి నుంచి పొడవాటి తోకపడవలో వెళ్లాలి. టోన్‌సాయ్ పక్క తీరమే, ఆటుపోట్లను బట్టి నీళ్లు తగ్గినప్పుడు రాళ్ల మీదుగా నడిచి వెళ్లవచ్చు. ఆ పోట్ల వేళలు రోజూ ఉదయం కనుక్కోండి. అండమాన్ సముద్రం వైపున్న ఈ తీరానికి డిసెంబరు నుంచి మార్చి దాకా పొడి కాలం. అదే దేశంలో గల్ఫ్ వైపున్న కో టావోలో నవంబరు, డిసెంబరుల్లో వానలు. మ్యాపులో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, చూసుకోండి. డిసెంబరైనా అక్కడ చెమట పోస్తుంది. కాబట్టి స్పెయిన్‌లో ఎండ తగిలే గోడ వెతికినట్టు ఇక్కడ నీడ వెతకాలి. ఉదయం ఏ గోడ నీడలో ఉంటుందో, మధ్యాహ్నం ఏదో ముందురోజు రాత్రే గైడు పుస్తకం చూసి రాసుకోండి. వన్ టూ త్రీ వాల్ అనే గోడ దగ్గర కొత్తవాళ్లకు తగిన రూట్లు, అంటే గోడ మీద ఎక్కే దారులు, చాలా ఉన్నాయి, అందుకే అక్కడ జనం ఎక్కువ. తెల్లవారే వెళ్లండి.

రైలే గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది, బోల్టులు, అంటే తాడు తగిలించేందుకు రాతిలో బిగించిన లోహపు కొక్కేలు. సముద్రపు ఉప్పు, వేడి, ఆ రాతిలోంచి ఊరే నీరు కలిసి మామూలు స్టెయిన్‌లెస్ స్టీలును లోపలి నుంచి తినేస్తాయి. పైకి మెరుస్తున్న బోల్టు లోపల సన్నగా పగిలి ఉండవచ్చు, చేత్తో లాగి చూస్తే తెలియదు. అందుకే అక్కడి క్లైంబర్లు ఏళ్ల తరబడి విరాళాలు పోగు చేసి టైటానియం బోల్టులు వేస్తున్నారు. టైటానియం బూడిదరంగులో మసకగా ఉంటుంది, జిగురుతో రాతిలో అతికి ఉంటుంది. ఏ రూటుకు టైటానియం పడిందో గైడు పుస్తకంలోనూ అక్కడి క్లైంబింగ్ దుకాణాల్లోనూ తెలుస్తుంది. మిగతా రూట్లకు వెళ్లకండి, ఎంత అందంగా ఉన్నా సరే. వెళ్లాక ఆ బోల్టుల నిధికి తోచినంత ఇవ్వండి. ఒక్క పూట భోజనం ఖర్చు ఒక బోల్టుకు సాయమవుతుంది.

లావోస్‌లోని థాఖేక్ నాకు ఇంకా ఇష్టం. మెకాంగ్ నది ఒడ్డు పట్టణం అది. అక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో సున్నపు కొండల మధ్య ఒక లోయలో గ్రీన్ క్లైంబర్స్ హోమ్ ఉంది. గుడిసె తలుపు తీస్తే ఎదురుగానే గోడ. సముద్రం లేదు కాబట్టి ఉప్పు బెడద లేదు. బోల్టులు దగ్గర దగ్గరగా వేశారు. 5 నుంచి 8 దాకా అన్ని స్థాయిల రూట్లూ నడిచిపోయేంత దూరంలోనే ఉంటాయి. డిసెంబరు రాత్రులు మన ఊరి సంక్రాంతి చలిలాగే ఉంటాయి. బ్యాంకాక్ నుంచి నఖోన్ ఫనోమ్‌కు విమానంలో వెళ్లి, 2011లో తెరిచిన మూడో స్నేహ వంతెన మీదుగా నది దాటితే థాఖేక్ వచ్చేస్తుంది. మీ స్నేహితుడికి పడిపోతానన్న భయం ఉందని రాశారు కదా, ఆయన కోసమైనా ఈ ప్రయాణం థాఖేక్‌తో మొదలుపెట్టండి. రెండు మీటర్లకొక బోల్టు ఉన్న చోట, కింద గాలి తప్ప తగిలే అరుగేమీ లేని వాలుగోడ మీద నాలుగైదు సార్లు కావాలని పడితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. వింతగా అనిపించినా నిజం ఇదే, బయటికి వాలిన కష్టమైన గోడ మీద పడటం కన్నా మన ఏటవాలు బండ మీద పడటమే దెబ్బలు తగిలించేది.

ఇక స్పెయిన్. దాన్ని తీసిపారేయడం లేదు, చలికాలంలో స్పోర్ట్ క్లైంబింగ్‌కు, అంటే బోల్టులున్న గోడలు తాడుతో ఎక్కడానికి, భూమ్మీద అంతకు మించిన దేశం లేదంటాను. రామోన్ జులియాన్ 2003లో పూర్తిచేసిన 9ఎ+ రూటు లా రాంబ్లా ఉన్న సియురానా అక్కడిదే. 2013లో ఆడమ్ ఓంద్రా, నెలన్నరకు క్రిస్ షర్మా ఎక్కిన 9బి+ లా దూరా దూరా ఉన్న ఒలియానా అక్కడిదే. ఆ పేర్లు చదివి మనసు అటు లాగుతుంది, సహజం. కానీ ఆ రూట్లు మీరు ఎక్కేవి కావు. మీరు అడగాల్సింది 5సి నుంచి 6బి దాకా, జనవరి ఎండ తగిలే రూట్లు ఎన్ని ఉన్నాయని. ఆ లెక్కన మాలగా దగ్గరి ఎల్ చోర్రో, కాల్పే చుట్టుపక్కలున్న కోస్తా బ్లాంకా మీకు నప్పుతాయి. రెండూ మధ్యధరా తీరానికి దగ్గర, జనవరి పగళ్లు పదహారు పదిహేడు డిగ్రీల దాకా వస్తాయి. చులియాలో నది లోయ అందం చెప్పలేనిది, కానీ అక్కడి రూట్లు చాలా పొడవు, ఓపిక పెరిగాక వెళ్లాల్సిన చోటు. మార్గలెఫ్‌లో గోడ నిండా గులకరాళ్లు ఊడిన గుంటలుంటాయి, ఒకటి రెండు వేళ్లు దూర్చి లాగాలి. అలవాటు లేని వేళ్ల స్నాయువులకు అది ప్రమాదం.

సియురానా గురించి ఒక మాట, రెండోసారి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. కొండ కొమ్మున రాతి ఇళ్ల చిన్న ఊరు, చుట్టూ లోయ. 1153లో అక్కడి కోట పడినప్పుడు మూర్ రాణి పట్టుబడటం ఇష్టం లేక గుర్రంతో సహా లోయలోకి దూకిందని, ఆ గుర్రపు డెక్క గుర్తు ఇదేనని రాతి మీద చూపిస్తారు. గోల్కొండ కథలు వింటూ పెరిగిన మనకు ఆ ఊరు పరాయిదనిపించదు. రాయి కూడా అంతే. నిటారు గోడ, సన్నని అంచులు, పాదాల పని. హైదరాబాద్ వేళ్లకు స్పెయిన్‌లో చప్పున లొంగేది ఇదే. గ్రేడ్లు మాత్రం కఠినంగా ఇస్తారు. ఎండ గోడ మీద జనవరిలో చొక్కాతో ఎక్కవచ్చు, నీడలోకి వెళ్తే పది నిమిషాల్లో వేళ్లు మొద్దుబారతాయి.

స్పెయిన్‌ను వాయిదా వేయమనడానికి కారణాలు డబ్బు, కాగితాలు. కారు లేకుండా గోడల దగ్గరికి వెళ్లడం కష్టం. ఇక్కడి ఆర్టీఏ కార్యాలయం నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి. స్పెయిన్‌కు కావాల్సిన షెంజెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయవచ్చు, డిసెంబరు ప్రయాణానికి ఆగస్టులోనే అపాయింట్‌మెంట్ పట్టుకోవడం మంచిది. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఈ బీమాల్లో చాలావాటికి క్లైంబింగ్ వర్తించదు, అందుకే పాలసీ పత్రంలో ‘తాడుతో రాక్ క్లైంబింగ్’ ఉందో లేదో చదివి కొనండి. థాయ్‌లాండ్‌కు వెళ్లినా క్లైంబింగ్ వర్తించే బీమా తీసుకోండి. ఆ దేశపు వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి టికెట్లు కొనేముందు అధికారిక వెబ్‌సైటులో చూసుకోండి. 2025 మే నుంచి అక్కడ దిగే విదేశీయులంతా డిజిటల్ అరైవల్ కార్డు ముందే ఆన్‌లైన్‌లో నింపాలి.

మీరు బౌల్డరింగ్ కోసమే వెళ్లేవారైతే నా సలహా వేరేగా ఉండేది. డిసెంబరులో హంపి ఇంత దగ్గరుండగా బౌల్డరింగ్ కోసం తొలిసారే సముద్రాలు దాటనక్కర్లేదు. దాటాలనిపిస్తే, పొడి చలి కావాలంటే స్పెయిన్‌లోని అల్బరాసిన్. దాదాపు 1,200 మీటర్ల ఎత్తున పైన్ అడవిలో ఎర్ర ఇసుకరాయి పైకప్పులు, రాత్రిళ్లు సున్నా కన్నా దిగువకు పడే చలి. స్విట్జర్లాండ్‌లోని క్రెసియానో, కిరోనికోలలో చలికాలం బాగుంటుంది. 2000లో ఫ్రెడ్ నికోల్ ఎక్కిన డ్రీమ్‌టైమ్ అనే బండ క్రెసియానోలోనే ఉంది. దక్షిణాఫ్రికాలోని రాక్‌లాండ్స్‌కు డిసెంబరులో వెళ్లకండి. భూమధ్యరేఖకు అవతల కాబట్టి దాని చలికాలం జూన్ నుంచి ఆగస్టు, అంటే మనకు వానలు కురిసి రాళ్లు నాచు పట్టే రోజులు. ఏటా జులైలో విసుగ్గా కూర్చునే హైదరాబాద్ బౌల్డరర్లకు అంతకన్నా మంచి చోటు లేదు. ఫాంటెన్‌బ్లోకు అక్టోబరులోనో మార్చి ఆఖరులోనో వెళ్లండి, బండల మీద రంగు గుర్తులతో వరసగా కూర్చిన ఆ సర్క్యూట్లు మీకు ఏ శిక్షకుడూ నేర్పనంత నేర్పుతాయి.

వెళ్లేముందు చేయాల్సింది. అక్టోబరు, నవంబరుల్లో ఒక్కసారి కర్ణాటకలోని బాదామి వెళ్లండి. ఎర్ర ఇసుకరాయి గోడలు, బోల్టులున్న రూట్లు, రాత్రి బస్సెక్కితే తెల్లవారికి దగ్గరలో ఉంటారు. ఇండోర్ గోడ మీద 6బి ఎక్కేవారు బయట ముందుండి తాడు తీసుకెళ్తూ 5సి ఎక్కగలిగితే సంతోషించాలి. అక్కడ ముఖ్యంగా సాధన చేయాల్సింది ఒకటి, రూటు పైన మూసి ఉన్న రింగులోంచి తాడు దూర్చి సామాను తీసుకుని దిగడం. ఇండోర్ గోడల మీద ఈ పని ఉండదు, సున్నపు గోడల మీద రోజుకు పదిసార్లు ఉంటుంది. ముందు నడుముకున్న స్లింగు పట్టీతో రింగుకు తగిలించుకోవాలి, బరువు వేసి చూడాలి, తాడు కిందపడకుండా ఒక మెలిక వేసి నడుముకు కట్టుకోవాలి, ఆ తర్వాతే ముడి విప్పాలి. ఇంటి కిటికీ గ్రిల్లుకు కట్టి యాభైసార్లు చేయండి. కళ్లు మూసుకుని చేయగలిగేదాకా చేయండి.

తాడు 70 మీటర్లది కొనండి. దాని రెండో కొసకు ప్రతిసారీ ముడి వేయండి. ఎల్ చోర్రోలో నా దగ్గర 60 మీటర్ల తాడుంది, రూటు పొడవు గైడు పుస్తకంలో సరిగా చూడలేదు. నన్ను కిందికి దించుతుండగా ఉన్నట్టుండి ఆగిపోయాను. కిందికి చూస్తే, నన్ను దించుతున్న నా స్నేహితురాలి బిలే పరికరం (తాడును పట్టి ఆపేది) నోట్లో ఆ ముడి ఇరుక్కుని ఉంది. నేలకు ఇంకా మూడు మీటర్లు ఉంది. ఆ ఉదయం ఆవిడ ముడి వేస్తుంటే త్వరగా కానివ్వమని తొందరపెట్టింది నేనే. కిందనున్న అరుగు మీద కాలు పెట్టి, దగ్గరి బోల్టుకు తగిలించుకుని, అక్కడి నుంచి రాయి పట్టుకుని దిగాను. ఆ ముడి లేకపోతే తాడు కొస పరికరంలోంచి జారిపోయేది. అప్పటి నుంచి ఎవరి తాడైనా సరే, ముందు కొస చూస్తాను.

రెండు వారాలను ఇలా పంచుకోండి. మొదటి ఆరు రోజులు థాఖేక్, ఒక రోజు ప్రయాణం, మిగతావి టోన్‌సాయ్. రెండు రోజులు ఎక్కితే మూడో రోజు తప్పనిసరిగా విశ్రాంతి, ఆ రోజు కూడా ఎక్కాలనిపిస్తుంది, ఆగండి. సున్నపురాయి మన గ్రానైట్‌లా చర్మాన్ని గీరదు కానీ చెమటతో మెత్తబడిన వేళ్లు సాయంత్రానికి ఎర్రగా పలచబడతాయి. టోన్‌సాయ్‌లో విశ్రాంతి రోజున తాడును, దాన్ని బోల్టుకు తగిలించే క్విక్‌డ్రాలను మంచినీటితో కడిగి నీడలో ఆరేయండి. ఉప్పు కంటికి కనిపించదు, క్లిప్పుల గేటు దగ్గర వేలు పెట్టి నాలుకకు తగిలిస్తే తెలుస్తుంది.